సైకిల్ కంప్యూటర్ అంకెల్లో దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి?

మీరు అడిగినవి నిజానికి నాలుగు ప్రశ్నలు. జీపీఎస్ సైకిల్ కంప్యూటర్ కొన్నారు, ఒకే దారికి జేబులోని ఫోన్ ఒక దూరం, ఇది ఇంకో దూరం చూపిస్తోంది. కలిసి తొక్కిన స్నేహితుడికి ఎక్కుడు (రైడ్‌లో మొత్తం ఎంత ఎత్తు ఎక్కారన్న లెక్క) 640 మీటర్లు వస్తే మీకు 510 వచ్చింది. నెలల తరబడి తొక్కుతున్నా సగటు వేగం ఉన్నచోటే ఉంది. పవర్ మీటర్ (పెడల్ మీద పెట్టే బలాన్ని వాట్లలో కొలిచే సాధనం) లేకుండా ట్రైనింగ్ అనేదే కుదరదా అన్నది చివరిది. వీటి జోలికి వెళ్లే ముందు, అన్నిటికీ పనికొచ్చే మాట ఒకటి చెబుతాను.

ఆ చిన్న స్క్రీన్ మీద అంకెలన్నీ ఒకే ధీమాతో కనిపిస్తాయి గానీ వాటి పుట్టుక ఒకటి కాదు. కొన్ని నేరుగా కొలిచినవి: చక్రం ఎన్ని చుట్లు తిరిగింది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, గాలి పీడనం ఎంతుంది. కొన్ని ఆ కొలతల నుంచి లెక్క కట్టినవి: వేగం, మొత్తం ఎక్కుడు, వాలు శాతం. మిగతావి అంచనాలు: ఖర్చయిన కేలరీలు, వీఓటూ మ్యాక్స్ (గట్టి శ్రమలో శరీరం వాడుకోగలిగే గరిష్ఠ ఆక్సిజన్), 'ఇంకో 38 గంటలు విశ్రాంతి తీసుకోండి' లాంటి సలహాలు. సెన్సర్ బాగుంటే మొదటి రకాన్ని నమ్మండి. రెండో రకాన్ని అదే కంప్యూటర్‌తో, అవే సెట్టింగులతో, మీ పాత రైడ్లతో మాత్రమే పోల్చండి. మూడో రకాన్ని చూసి నిద్ర పాడుచేసుకోకండి.

ఇక దూరం సంగతి. జీపీఎస్ మీ దారి పొడవునా చుక్కలు పెట్టుకుంటూ పోతుంది, వాటిని కలిపితే వచ్చేదే మీ ట్రాక్. ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఒక్కో చుక్క మామూలుగా అసలు చోటికి అయిదారు మీటర్ల దూరంలో పడుతుంది. చెట్ల కింద సిగ్నల్ బలహీనపడుతుంది. ఎత్తైన భవనాల మధ్య గోడలకు తగిలి వంకరదారిలో వస్తుంది. ఆ రెండు చోట్లా తేడా ఇంకా పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో మీరు సెకనుకు 10 మీటర్లు ముందుకు పోతారు. సెకనుకో చుక్క పెట్టుకుంటే మలుపు ఇంచుమించు మలుపులాగే వస్తుంది. కొన్ని పరికరాల్లో ఉండే 'స్మార్ట్ రికార్డింగ్' మెమరీ ఆదా కోసం మధ్యలో చుక్కలు వదిలేస్తుంది. ఆ ట్రాక్ నుంచి ఏ వెబ్‌సైటో దూరాన్ని మళ్లీ లెక్క కడితే మెలికల దారిలో మూలలన్నీ కోసుకుపోయి దూరం తగ్గుతుంది. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఆగి నిలబడితే చుక్కలు మీ చుట్టూ అటూ ఇటూ ఊగుతాయి. ఆటో పాజ్ (మీరు ఆగగానే రికార్డింగ్‌ను తానే ఆపే సదుపాయం) లేకపోతే ఆ ఊగులాట కూడా దూరంలో కలిసిపోవచ్చు. ఫోన్ జేబులో, మీ ఒంటి చాటున ఉంటుంది. కంప్యూటర్ హ్యాండిల్‌బార్ మీద ఆకాశం చూస్తూ ఉంటుంది. రెండూ కలవకపోవడంలో వింతేమీ లేదు.

చేయాల్సింది కొంచెమే. రికార్డింగ్‌ను సెకనుకోసారికి మార్చండి. బయల్దేరే ముందు ఆరుబయట నిలబడి జీపీఎస్ కుదిరిందని చెప్పేదాకా ఆగండి. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి ప్రసారం చేస్తుంది, వాటిని పూర్తిగా అందుకోనిదే పరికరానికి తన చోటు తెలియదు. ముందురోజు ఫోన్‌తో సింక్ చేసి ఉంటే ఆ వివరాలు ముందే దిగి ఉంటాయి కాబట్టి క్షణాల్లో పని అయిపోతుంది. రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే కొత్త మోడల్ అయితే భవనాల మధ్య తేడా బాగా తగ్గుతుంది గానీ బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. బయలు రోడ్ల మీద తొక్కేవాళ్లకు దాని అవసరం పెద్దగా లేదు.

దూరం, వేగం నిక్కచ్చిగా కావాలంటే హబ్‌కు (చక్రం మధ్య భాగానికి) తగిలించే స్పీడ్ సెన్సర్ పెట్టుకోండి. అది ఉంటే చాలా కంప్యూటర్లు దూరాన్ని చక్రం చుట్ల నుంచే తీసుకుంటాయి, జీపీఎస్ మ్యాప్ గీయడానికి మిగులుతుంది. అయితే చక్రం చుట్టుకొలత సరిగ్గా ఇవ్వాలి. 700×25 (మొదటిది చక్రం సైజు, రెండోది టైరు వెడల్పు) టైరుకు పట్టికల్లో 2105 మిల్లీమీటర్లు ఉంటుంది, 700×28కి 2136. 25 నుంచి 28కి టైర్లు మార్చి పాత అంకె అలాగే వదిలేస్తే 100 కిలోమీటర్లు తొక్కినప్పుడు 98.5 చూపిస్తుంది. పట్టిక కన్నా సొంతంగా కొలుచుకోవడం మేలు: రోజూ పెట్టే గాలి పెట్టి, సైకిల్ మీద కూర్చుని, వాల్వ్ కిందికి వచ్చినచోట నేల మీద గుర్తు పెట్టి, అయిదు చుట్లు తిన్నగా నడిపించి మళ్లీ గుర్తు పెట్టి, ఆ దూరాన్ని అయిదుతో భాగించండి. జీపీఎస్‌తో పోల్చుకుని చుట్టుకొలతను తానే సరిచేసుకునే సదుపాయం కొన్నిట్లో ఉంది. తిన్నని రోడ్డు మీద అది చక్కగా పనిచేస్తుంది.

ఎక్కుడు విషయంలో జనం పడే గొడవలు ఇంకా ఎక్కువ. నిలువు దిశలో జీపీఎస్ కొలత అడ్డ దిశలో కన్నా అధ్వానం, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మీ తలపైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే కాస్త మంచి కంప్యూటర్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ పెడతారు. సముద్రమట్టానికి దగ్గర్లో సుమారు 8 మీటర్లు పైకి వెళ్తే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. చిన్న గుట్టలు కూడా దానికి స్పష్టంగా తెలుస్తాయి. దాని బలహీనత వాతావరణం. మీరు తొక్కుతున్న నాలుగు గంటల్లో మబ్బు కమ్మి పీడనం 4 హెక్టోపాస్కల్స్ పడిపోయిందనుకోండి, మీరు 30 మీటర్లకు పైగా ఎక్కారని అది లెక్కేస్తుంది. ఇంటి గుమ్మం దగ్గర మొదలై గుమ్మం దగ్గరే ముగిసిన రైడ్‌లో గుమ్మం 30 మీటర్లు పైకి లేచినట్టు కనిపించేది అందుకే. బయల్దేరేచోటు ఎత్తును కంప్యూటర్‌లో సేవ్ చేసి పెట్టుకుంటే ప్రతిసారీ సరైన అంకెతో మొదలవుతుంది. దారిలో వాతావరణం వల్ల అంకె జారిపోవడాన్ని మాత్రం అది ఆపలేదు.

ఇంకో విషయం దగ్గరగా చూడాల్సిందే. కంప్యూటర్ వెనక్కి తిప్పి చూస్తే సూదిమొనంత రంధ్రమో, చిన్న జాలీయో కనిపిస్తుంది. గాలి లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. నుదుటి మీంచి కారిన చెమట, వాన నీళ్లు దాన్ని మూసేస్తే అంకె చాలాసేపు కదలదు, తర్వాత ఒక్కసారి ఎగిరి పడుతుంది. గ్రాఫులో గీత మెట్లు మెట్లుగా వచ్చిందంటే అనుమానించాల్సింది దాన్నే. మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పిన్నుతో మాత్రం పొడవకండి, లోపలి పొర చిరిగితే కంప్యూటర్‌లోకి నీళ్లు పోతాయి.

బారోమీటర్ లేని పరికరాలకు, ఫోన్లకు చాలా వెబ్‌సైట్లు నేల ఎత్తుల పటం నుంచి ఎక్కుడు లెక్క కడతాయి. అలాంటి పటాల్లో బాగా వాడకంలో ఉన్నది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచింది. అందులో భూమి 30 మీటర్ల గళ్లుగా ఉంటుంది. కొండ చరియను తొలిచి వేసిన రోడ్డు మీద మీ చుక్క పక్కకు పది మీటర్లు జరిగితే చాలు, పక్క గడిలో పడుతుంది, ఎత్తు ఒక్కసారి మారిపోతుంది. లోతైన లోయ మీద వంతెన దాటితే లోయలోకి దిగి ఎక్కినట్టు కూడా రావచ్చు. వీటికి తోడు, ఎన్ని మీటర్లు పెరిగితే దాన్ని ఎక్కుడుగా లెక్కలోకి తీసుకోవాలన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా పెట్టుకుంటాడు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను ఒకరు కలుపుతారు, ఒకరు వడకట్టేస్తారు. కాబట్టి మీ 510కి, ఆయన 640కి మధ్య ఇద్దరూ తప్పు కాదు. ఇద్దరి ఫైళ్లూ ఒకే వెబ్‌సైట్‌లో పెట్టి ఎక్కుడును అక్కడే మళ్లీ లెక్కింపజేస్తే తేడా చాలా వరకు సర్దుకుంటుంది.

సగటు వేగం గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: ట్రైనింగ్ చేసేవాళ్లు దాన్ని ముందు స్క్రీన్ మీద నుంచి తీసేయాలి. చదును రోడ్డు మీద మీ బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, దానికి కావాల్సిన పవర్ వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 30 నుంచి 33కి వెళ్లాలంటే వేగం పెరిగేది పది శాతమే, గాలి మీద పెట్టాల్సిన వాట్లు మాత్రం 33 శాతం ఎక్కువ. అంటే నెలల తరబడి కష్టపడి మీ బలం పది శాతం పెరిగినా స్క్రీన్ మీద కనిపించేది ఒక కిలోమీటరు తేడా. దాన్ని కాస్త ఎదురుగాలి తుడిచేస్తుంది. గాలి అటూ ఇటూ సమానమైపోతుందని కొందరంటారు. అవదు. 20 కిలోమీటర్లు ఎదురుగాలిలో గంటకు 20 చొప్పున వెళ్లి, అదే దారిలో 30 చొప్పున తిరిగొస్తే సగటు 25 రాదు, 24 వస్తుంది. ఎదురుగాలిలో గడిపిన సమయమే ఎక్కువ కదా. ఆటో పాజ్ పెట్టుకున్నవాడి సగటు, పెట్టుకోనివాడి సగటు పోల్చుకుని బాధపడేవాళ్ల గురించి చెప్పేదేముంది. మీ సగటు కదలకపోయినా మీరు మెరుగై ఉండొచ్చు, అది వేగంలో తొందరగా బయటపడదు.

ఎక్కడ బయటపడుతుందంటే, ఒకే శ్రమకు గుండె ఎంత కష్టపడుతోంది అన్నదాంట్లో. అందుకని పవర్ మీటర్ కన్నా ముందు ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ స్ట్రాప్ తీసుకోమంటాను. మణికట్టు వాచీలు చర్మం కింద రక్తప్రవాహాన్ని కాంతితో చూస్తాయి. హ్యాండిల్‌బార్ పట్టుకున్నప్పుడు మణికట్టు వంగి, రోడ్డు అదిరి, ఆ రీడింగ్ తప్పుతూ ఉంటుంది. స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. కట్టుకునే ముందు ప్యాడ్లను తడపండి. పొడిగా కడితే చెమట పట్టేదాకా మొదటి పది నిమిషాలు అంకెలు పిచ్చిగా ఎగురుతాయి. దిగుడులో 190 చూపిస్తే కంగారు పడేముందు వదులు జెర్సీ గాలికి రెపరెపలాడుతోందేమో చూసుకోండి, ఆ రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు కూడా ఇలా చేస్తుంది. అయితే అలాంటి అంకెతో పాటు ఛాతీలో దడ, కళ్లు తిరగడం ఉంటే అది సెన్సర్ సంగతి కాదు, ఆపేసి డాక్టర్‌ను కలవాలి.

జోన్లను (శ్రమ స్థాయిని బట్టి విడదీసిన హార్ట్ రేట్ పరిధులను) కంప్యూటర్ మీ వయసు నుంచి తానే వేసేస్తుంది. 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం సగటు మనిషికి సరిపోవచ్చు గానీ, ఒక్కో మనిషికి పది పన్నెండు బీట్లు అటో ఇటో ఉండటం మామూలే. అంత తేడాతో జోన్లు వేసుకుంటే తేలిక రైడ్ అనుకున్నది మధ్యరకం రైడ్ అయిపోతుంది. దీనికి ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి: బాగా వేడెక్కాక, ఒంటరిగా, ఆగాల్సిన పనిలేని రోడ్డు మీద 30 నిమిషాలు చివరిదాకా నిలపగలిగినంత గట్టిగా తొక్కండి. పది నిమిషాలు గడవగానే ల్యాప్ బటన్ (అక్కడి నుంచి రైడ్‌ను కొత్త భాగంగా విడిగా లెక్కించే బటన్) నొక్కండి. మిగిలిన 20 నిమిషాల సగటు హార్ట్ రేటే మీ థ్రెషోల్డ్‌కు (ఎక్కువసేపు నిలపగలిగే గట్టి శ్రమ హద్దుకు) దగ్గరి అంకె. జోన్లు దాని మీద కట్టుకోండి.

ల్యాప్ బటన్ అన్నాను కదా. నా దృష్టిలో ఈ పరికరంలో ట్రైనింగ్‌కు అన్నిటికన్నా పనికొచ్చే భాగం అదే, జనం అన్నిటికన్నా తక్కువ నొక్కేదీ అదే. ముందు ఆటో ల్యాప్ ఆపేయండి, లేకపోతే ప్రతి అయిదు కిలోమీటర్లకూ అది మధ్యలో దూరి మీ ల్యాప్‌ను కోసేస్తుంది. ట్రైనింగ్ కోసం వేరే స్క్రీన్ ఒకటి పెట్టుకుని అందులో నాలుగు గళ్లు చాలు: ల్యాప్ సమయం, ల్యాప్ సగటు హార్ట్ రేట్, ఇప్పటి హార్ట్ రేట్, క్యాడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు). పవర్ ఉంటే మూడు సెకన్ల సగటు పవర్, ల్యాప్ సగటు పవర్ చేర్చుకోండి. సెకను సెకనుకూ మారే పవర్ గడి పెట్టుకుంటే అంకె ఒకచోట నిలవదు, దాన్ని తరుముతూ మీరూ నిలవరు.

ఉదాహరణకు ఎనిమిదేసి నిమిషాలు నాలుగుసార్లు గట్టిగా, మధ్యలో నాలుగేసి నిమిషాలు తేలిగ్గా తొక్కే సెషన్ తీసుకోండి. గట్టి భాగం మొదలవగానే నొక్కాలి, అయిపోగానే నొక్కాలి. మొదటి నిమిషంలో హార్ట్ రేట్ చూడొద్దు. కాళ్లు అడిగింది గుండెకు చేరేసరికి నిమిషం పైనే పట్టొచ్చు, అంకె పెరగడం లేదని ఎగబడితే మూడో నిమిషానికే ఊపిరి అందదు. ఇంటికొచ్చాక చూడాల్సింది నాలుగు ల్యాపుల వరస. ఒకే ఎక్కుడు రోడ్డు మీద చేశారనుకుందాం. దూరం నాలుగింట్లోనూ ఇంచుమించు ఒకటే ఉండి, సగటు హార్ట్ రేట్ 158, 162, 164, 167గా పెరిగితే మోతాదు సరిపోయింది. హార్ట్ రేట్ పెరుగుతూ దూరం మూడో ల్యాప్ నుంచి పడిపోతే మొదటిది ఎక్కువ గట్టిగా తొక్కారన్నమాట. ఆరు వారాల తర్వాత అదే ఎక్కుడు, గాలి అంతగా లేని రోజు, అదే సెషన్ చేసి పక్కపక్కన పెట్టండి. హార్ట్ రేట్ తగ్గి దూరం అలాగే ఉన్నా, హార్ట్ రేట్ అలాగే ఉండి దూరం పెరిగినా మీరు మెరుగైనట్టే. ఎండ, నిద్రలేమి హార్ట్ రేట్‌ను పైకి నెడతాయి, కాబట్టి ఒక్క రోజు అంకెను పట్టుకుని తీర్పు చెప్పకండి.

వెబ్‌సైట్లు చూపించే ఫిట్‌నెస్ గీత గురించి కూడా కొంచెం. దాని వెనకున్న నార్మలైజ్డ్ పవర్ (శ్రమలో హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకున్న సగటు పవర్), ట్రైనింగ్ స్ట్రెస్ స్కోర్ (రైడ్ ఎంత భారమో చెప్పే అంకె) లెక్కలు వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ కోగన్ రూపొందించినవి. గంటసేపు మీరు నిలపగలిగే పవర్‌ను ఎఫ్‌టీపీ అంటారు. ఆ స్థాయిలో గంట తొక్కితే స్కోర్ 100. ఈ స్కోర్ల 42 రోజుల సగటును ఫిట్‌నెస్ అనీ, 7 రోజుల సగటును అలసట అనీ గీతలు గీస్తారు. చక్కటి ఏర్పాటే. కానీ మొత్తం కట్టడం మీరు ఇచ్చిన ఎఫ్‌టీపీ మీద నిలబడి ఉంది. అది అసలుకన్నా పది శాతం తక్కువ ఇచ్చారంటే ప్రతి రైడ్ స్కోర్ దాదాపు 23 శాతం ఉబ్బుతుంది, ఎందుకంటే స్కోర్ మీ పవర్‌కు, ఎఫ్‌టీపీకి ఉన్న నిష్పత్తి వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. గీత పైకి పోతుంటే సంబరంగా ఉంటుంది గానీ, అది మీరు ఎంత పని చేశారో చెబుతుంది, ఆ పని ఒంటికి పట్టిందో లేదో చెప్పదు.

ఫైళ్ల విషయం. కంప్యూటర్ రాసే అసలు ఫైల్ సాధారణంగా ఫిట్ (.fit) ఫార్మాట్‌లో ఉంటుంది. అప్పుడప్పుడూ వాటిని సొంత డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. 2020 జూలైలో సైబర్ దాడి వల్ల సైకిల్ కంప్యూటర్లు తయారుచేసే గార్మిన్ సంస్థ ఆన్‌లైన్ సేవలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. రైడ్లు పరికరంలోనే ఉన్నాయి కాబట్టి కేబుల్‌తో తీసుకోగలిగారు. రైడ్‌ను అందరికీ కనిపించేలా పెట్టేవాళ్లు మొదలు, చివర దాచే ప్రైవసీ సెట్టింగ్ తప్పకుండా వేసుకోవాలి. రైడ్లు, పరుగులు పంచుకునే స్ట్రావా యాప్ విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో (జనం తిరిగిన దారులు వెలుగు గీతలుగా కనిపించే పటంలో) సైనిక స్థావరాల్లో పరిగెత్తినవాళ్ల దారులు మెరిసిన సంగతి 2018 జనవరిలో ప్రపంచమంతా చూసింది. ఖరీదైన సైకిల్ ఏ గుమ్మం నుంచి ఎన్నింటికి బయల్దేరుతుందో అపరిచితులకు తెలియాల్సిన పనిలేదు. ఒకే రైడ్‌ను ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ రికార్డ్ చేస్తే రెండూ అప్‌లోడ్ చేయకండి. ఫర్మ్‌వేర్ (కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ముఖ్యమైన రైడ్ ముందురోజు పెట్టుకోకండి.

చివరిగా పవర్ మీటర్. అవసరమా అంటే, స్ట్రాప్‌తో, ల్యాప్ బటన్‌తో ఒక సీజన్ క్రమంగా చేసి, ఇంకా నిశితంగా కావాలనిపిస్తే కొనండి. అది ఇచ్చేది రెండు లాభాలు. గాలి, వాలు, హార్ట్ రేట్ ఆలస్యం ఏవీ అడ్డురావు, తొక్కిన క్షణంలోనే శ్రమ తెలుస్తుంది. కేలరీలు కూడా ఊహలోంచి లెక్కలోకి వస్తాయి. శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు దాకానే పెడల్‌కు చేరుతుంది, ఒక కిలోకేలరీ అంటే నాలుగు కిలోజౌళ్ల పైచిలుకు కాబట్టి, మీటర్ 600 కిలోజౌళ్లు చూపిస్తే ఖర్చయింది సుమారు 600 కిలోకేలరీలు. ఎడమ వైపు మాత్రమే కొలిచే రకాలు చవకే గానీ, అవి వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూపిస్తాయి. మీ ఎడమ కాలి వాటా 48 శాతమే అయితే అసలు 200 వాట్లకు 192 చూపిస్తుంది. ఆ వాటా ఎప్పుడూ ఒకేలా ఉంటే పోలికకు ఇబ్బంది లేదు, అలసినకొద్దీ మారేవాళ్లకు మాత్రం ఉంటుంది. ఏ రకమైనా రైడ్‌కు ముందు సైకిల్‌ను బయట కాసేపు ఉంచి, వేడో చల్లదనమో దానికి అలవాటయ్యాక జీరో చేయండి (బలమేమీ పెట్టనప్పుడు సున్నా చూపించేలా సరిచేయండి). పెడల్‌లోనే సెన్సర్ ఉండే రకం తీసుకుంటే క్రాంక్ (పెడల్‌ను బిగించే కడ్డీ) పొడవు మీరే ఇవ్వాలి. క్రాంక్ లోపలివైపు 170 అనో 172.5 అనో చెక్కి ఉంటుంది, సెట్టింగుల్లో ఉన్న అంకె అదేనో కాదో మొదటి రైడ్‌కు ముందే చూసుకోండి.